వెతికితే దొరికే జవాబు అడగకండి

చరిత్ర పాఠాన్ని ఇంటర్నెట్ ఆధారిత అన్వేషణగా, అంటే 'వెబ్‌క్వెస్ట్'గా నడపడం గురించి ఉపాధ్యాయుల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాము. పేర్లు వేయవద్దని ఎక్కువమంది కోరినందువల్ల ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలను టైటానిక్ ప్రమాదం గురించి ఇంటర్నెట్‌లో చూసి రాసుకురమ్మన్నాను. వచ్చిన కాగితాలన్నీ దాదాపు ఒకే పేజీ నుంచి దించినవి. అచ్చుతప్పులు కూడా అందరివీ ఒకటే. వెబ్ ఆధారిత అన్వేషణ అంటే ఇదేనా? ఇదే అయితే పాఠ్యపుస్తకం ఏం పాపం చేసింది?

జవాబు: పాఠ్యపుస్తకం ఏ పాపమూ చేయలేదు, పిల్లలూ చేయలేదు. మీరు అడిగినదానిని వారు తక్కువ శ్రమతో తెచ్చి ఇచ్చారు, అంతే. 'ఫలానా సంఘటన గురించి రాసుకురండి' అన్న మాటలో పని ఉన్నది గాని ప్రశ్న లేదు. ప్రశ్న లేనప్పుడు వెతుకులాట కాపీ కొట్టడంతోనే ముగుస్తుంది. అందుకు గ్రంథాలయమైనా ఒకటే, ఇంటర్నెట్ అయినా ఒకటే.

ఈ పద్ధతికి 1995లో రూపం ఇచ్చినవారు అమెరికాలోని శాన్‌డియాగో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నీ డాడ్జ్, ఆయనతో కలిసి పనిచేసిన టామ్ మార్చ్. విద్యార్థి సమయం సమాచారం కోసం తిరగడంలో కాక, చేతికందిన సమాచారంతో ఏదో ఒకటి తేల్చడంలో ఖర్చు కావాలన్నది వారి ఆలోచనలోని కీలకం. అందుకే చదవవలసిన వెబ్‌పేజీలను ఉపాధ్యాయుడే ముందుగా ఏరి ఇస్తాడు. చిన్న పరిచయం, చేయవలసిన పని, దానిని అంచెలంచెలుగా చేసే క్రమం, ఏరిన వనరులు, మార్కులు ఎలా వేస్తారో చెప్పే పట్టిక, ముగింపు అన్నవి దాని అంగాలు. ఈ శీర్షికలన్నీ బుద్ధిగా పెట్టి కూడా అన్వేషణ కాలేకపోయిన కాగితాలను నేను చాలా చూశాను. దాని ప్రాణమంతా 'పని'లో ఉంటుంది. తక్కిన అంగాలు ఆ ప్రాణాన్ని మోయడానికే.

మీ టైటానిక్‌నే తీసుకుందాము. అది ఎప్పుడు, ఎలా మునిగిందన్న ప్రశ్నకు జవాబు ఒక్క నొక్కుతో వస్తుంది. దానికి బదులు ఇలా అడిగి చూడండి: "మీరు 1912 నాటి విచారణ సంఘ సభ్యులు. ఓడ మునిగే ముందు రెండుగా విరిగిందా, విరగకుండానే మునిగిందా? సాక్షుల మాటలు చదివి, మీ నిర్ణయాన్ని కారణాలతో రాయండి." ఓడ 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున మునిగింది. నాలుగు రోజులకే, ఏప్రిల్ 19న, అమెరికా సెనేట్ విచారణ మొదలైంది. మే 2న లండన్‌లో బ్రిటిష్ విచారణ మొదలైంది. రెండు విచారణల సాక్ష్యాలూ పొల్లుపోకుండా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. బ్రిటిష్ విచారణలో అడిగిన 25 వేలకు పైగా ప్రశ్నలకు వరుస సంఖ్యలు వేసి ఉన్నందువల్ల, పిల్లవాడు 'ఎక్కడో చదివాను' అనకుండా, ఫలానా సంఖ్య గల ప్రశ్నకు ఈ సాక్షి ఈ జవాబు చెప్పాడని వేలు పెట్టి చూపగలడు.

ఆ సాక్ష్యాలలోకి దిగితే ఏం జరుగుతుందో చూడండి. ప్రాణాలతో బయటపడిన అధికారులలో అందరికన్నా పెద్ద హోదా గల చార్లెస్ లైటోలర్, ఓడ విరగనే లేదని గట్టిగా చెప్పాడు. ఆ విచారణలలో సాక్ష్యం ఇవ్వని పదిహేడేళ్ల ప్రయాణికుడు జాక్ థేయర్ మాత్రం విరిగిందని చెప్పాడు. ఆయన చెప్పినదానిని బట్టి గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. ఈ ఇద్దరూ ఆ రాత్రి బోర్లాపడిన ఒకే పడవను పట్టుకుని బతికినవారు. ఈ సంగతి తెలిసిన క్షణం నుంచి పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు: ఆ రాత్రి వెన్నెల ఉన్నదా? లేదు, అది చంద్రుడు లేని రాత్రి. ఓడలో దీపాలు ఎంతసేపు వెలిగాయి? దాదాపు చివరి దాకా వెలిగి, మునగడానికి కాస్త ముందు ఆరిపోయాయి. అధికారి ఎవరి దగ్గర జీతం తీసుకుంటాడు? ఓడ విరిగిందని ఒప్పుకుంటే ఎవరికి నష్టం? ఒక అబ్బాయి మాటకూ ఒక అధికారి మాటకూ విచారణ సంఘం ఒకే బరువు ఇస్తుందా?

రెండు విచారణలూ చివరికి ఓడ విరగకుండానే మునిగిందని తేల్చాయి. 1985 సెప్టెంబరు 1న సముద్రం అడుగున, దాదాపు 3,800 మీటర్ల లోతున శిథిలం కనిపించినప్పుడు అది రెండు ముక్కలై, ముక్కకూ ముక్కకూ మధ్య సుమారు 600 మీటర్ల దూరంలో పడి ఉన్నది. సినిమా చూసిన పిల్లలు ఈ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పేస్తారు గదా అని మీరు అనవచ్చు. చెప్పనివ్వండి. అప్పుడు ప్రశ్నను తిప్పి వేయండి: విరిగిన ఓడను విరగలేదని రెండు దేశాల విచారణలూ ఎందుకు తేల్చాయి? నా దృష్టిలో మొదటి ప్రశ్న కన్నా ఇదే మేలైన ప్రశ్న, ఎందుకంటే దీని జవాబు ఏ ఒక్క పేజీలోనూ సిద్ధంగా ఉండదు.

ప్రశ్న: మంచి 'పని' తయారు చేయడానికి ఏదైనా పద్ధతి ఉన్నదా? ఎన్ని లింకులు ఇవ్వాలి, ఎన్ని పీరియడ్లు పడతాయి, పిల్లలకు పాత్రలు తప్పనిసరిగా ఇవ్వాలా?

జవాబు: డాడ్జ్ ఇలాంటి పనులను పన్నెండు రకాలుగా విడదీశాడు. తిరిగి చెప్పడం, సంకలనం చేయడం మొదలుకొని చిక్కుముడి విప్పడం, వాదించి ఒప్పించడం, భిన్నాభిప్రాయాల మధ్య ఏకాభిప్రాయానికి రావడం, తీర్పు చెప్పడం దాకా అందులో ఉన్నాయి. చరిత్రకు చిక్కుముడీ తీర్పూ బాగా అమరుతాయని నా అనుభవం. పోస్టరు వేయించడం, కాల్పనిక ప్రయాణానికి కరపత్రం రాయించడం వంటివి చూడడానికి ముచ్చటగా ఉంటాయి గాని, రంగులు అద్దడానికి పట్టిన సమయం ఆలోచనకు పట్టదు. ఎవరికైనా నచ్చకపోవచ్చు గాని, నేను వాటిని ఎప్పుడో మానేశాను.

ఒక ఉదాహరణ చెబుతాను. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుతుండగా, అమెరికాలోని లెక్సింగ్టన్ గ్రామ మైదానంలో బ్రిటిష్ సైనికులకూ స్థానిక దళానికీ మధ్య కాల్పులు జరిగి, దళంలో ఎనిమిది మంది చనిపోయారు. మొదటి గుండు ఎవరు పేల్చారు? స్థానిక దళానికి చెందిన 34 మంది ఏప్రిల్ 25న ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో, తాము వెనుదిరిగి చెదిరిపోతుండగా సైనికులే కాల్చారని ఉన్నది. అక్కడే ఉన్న బ్రిటిష్ అధికారి జాన్ బార్కర్ తన డైరీలో, అవతలివారే ఒకటి రెండు గుళ్లు పేల్చారని, దానిమీద తమవాళ్లు ఆజ్ఞ లేకుండానే వారి మీదికి ఉరికి కాల్చారని రాసుకున్నాడు. ఒక వర్గానికి వాంగ్మూలం, ఒక వర్గానికి డైరీ, మరొక వర్గానికి మేజర్ పిట్‌కెయిర్న్ తన పై అధికారి జనరల్ గేజ్‌కు పంపిన నివేదిక, నాలుగో వర్గానికి బొమ్మలు ఇవ్వండి. అదే సంవత్సరం అమోస్ డూలిటిల్ చెక్కిన బొమ్మలో స్థానికులు చెదిరి పారిపోతుంటారు; తర్వాతి శతాబ్దంలో వేసిన చిత్రాలలో వారు నిలబడి ఎదురుకాల్పులు జరుపుతుంటారు. సంఘటన మారలేదు, బొమ్మ మారింది. ఎందుకు మారిందో చెప్పడం నాలుగో వర్గం పని.

ఈ పత్రాలను ఎంచుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. చరిత్ర బోధన మీద పరిశోధన చేసే శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది మంది చరిత్రకారులకూ, ఎనిమిది మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకూ లెక్సింగ్టన్ పత్రాలనే ఇచ్చి, చదువుతూ మనసులో మెదిలినదంతా పైకి చెప్పమన్నాడు. చరిత్రకారులు పత్రం చేతికి రాగానే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అన్నది చూసుకుని, ఆ తర్వాత చదివారు. విద్యార్థులలో చాలామంది పైనుంచి కిందికి, పాఠం చదివినట్టు చదువుకుపోయారు. మన తరగతిలో నేర్పవలసినది ఈ ఒక్క అలవాటే అనుకున్నా, నెల రోజుల శ్రమ వృథా కాదు. ఆ 34 మంది వాంగ్మూలాన్ని ఎందుకు సేకరించారో పిల్లలను కనుక్కోమనండి: తమ వాదన లండన్‌కు చేర్చడానికి. ప్రత్యేకంగా పంపిన ఓడలో అది గేజ్ పంపిన నివేదిక కంటే ముందే అక్కడికి చేరింది కూడా. సాక్ష్యానికి ఒక చిరునామా ఉంటుందన్న సంగతి ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక లెక్కలు. చిన్న అన్వేషణకు ఒకటి నుంచి మూడు పీరియడ్లు, పెద్దదానికి వారం నుంచి నెల దాకా పడుతుందని డాడ్జ్ మొదట్లోనే రాశాడు. మొదటిసారి చేసేవారు మూడు పీరియడ్లు దాటవద్దు. నా మొదటి ప్రయత్నంలో 23 లింకులు ఇచ్చాను. పిల్లలు మొదటి రెండు చదివి, మిగతావి చదివినట్టు నటించారు. ఇప్పుడు వర్గానికి రెండు, అందరికీ ఉమ్మడిగా ఒకటి ఇస్తున్నాను. పాత్రలు తప్పనిసరి కాదు. ఒక పాత్ర చేతిలో ఉన్న ఆధారం మరొక పాత్రకు లేనప్పుడే అవి పనికివస్తాయి. అందరూ ఒకే పేజీ చదివి ఒకరు 'విలేకరి', ఒకరు 'శాస్త్రవేత్త' అని బిళ్లలు తగిలించుకుంటే అది వేషమే అవుతుంది. అన్నిటికన్నా ముందు, మీరు ఇచ్చే పనిని మీరే ఒకసారి గడియారం పెట్టుకుని చేయండి. మీకు నలభై నిమిషాలు పడితే పిల్లలకు రెండు పీరియడ్లు పడుతుంది.

ప్రశ్న: ఇంటర్నెట్ నిండా అబద్ధాలే. పిల్లలను అందులోకి వదలడం ప్రమాదం కాదా?

జవాబు: వదలమని ఎవరూ చెప్పడం లేదు. మొదటి రెండు మూడు అన్వేషణలలో మీరు ఏరిన పేజీలు తప్ప మరేవీ తెరవనివ్వకండి. అయితే ఎల్లకాలం చేయి పట్టుకుని నడిపించలేము కాబట్టి, ఆ తర్వాత అబద్ధాన్ని గుర్తుపట్టడం కూడా పాఠంలో భాగం కావాలి.

వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన మరొక అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. పదిమంది చరిత్ర ఆచార్యులు, పదిమంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారు, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొన్ని వెబ్‌సైట్ల నమ్మదగినతనాన్ని అంచనా వేశారు. విద్యార్థులే కాదు, చరిత్ర ఆచార్యులు కూడా సైటు చక్కగా ఉన్నదని, పేరు గంభీరంగా ఉన్నదని మోసపోయారు. నిజనిర్ధారకులు మాత్రం తెరిచిన పేజీని పూర్తిగా చదవకుండానే వదిలి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూసి, ఆ తర్వాతే వెనక్కి వచ్చారు. దీనిని 'పక్కచూపు చదువు' అని మా తరగతిలో పిలుచుకుంటాము. పేజీలోనే కూర్చుని పేజీని తూచలేము. నెమ్మదిగా, శ్రద్ధగా చదవమని జీవితమంతా చెప్పిన మాకు ఇది మింగుడుపడని మాటే, కానీ నిజం.

దీనికి పాఠంగా నేను వాడేది ఒక ఉత్తుత్తి జంతువు. చెట్లమీద నివసించే ఆక్టోపస్ అంతరించిపోతున్నదని, దానిని కాపాడమని కోరుతూ 1998లో ఒక సరదా వెబ్‌సైటు వెలిసింది. బొమ్మలు, నివాస ప్రాంతం వివరాలు, ఏం చేయాలో సూచనలు అన్నీ ఉన్నాయి. జంతువు మాత్రం లేదు. పది నిమిషాలు దానిమీద గడిపాక, అదే పద్ధతిని చరిత్ర పేజీకి అన్వయించండి. వికీపీడియాను నిషేధించడం కన్నా, దాని 'చరిత్ర' ట్యాబునూ చర్చా పేజీనీ తెరిచి చూపించడం మంచిది. ఒక వాక్యాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో, దేనిమీద తగాదా పడ్డారో పిల్లలు కళ్లారా చూస్తారు.

ప్రశ్న: రాతలు అబద్ధమాడవచ్చు గాని ఫొటోలు ఆడవు గదా. చిన్న తరగతులకు ఫొటోలతోనే అన్వేషణ నడపవచ్చునా?

జవాబు: తప్పకుండా నడపవచ్చు. అయితే ఫొటో అబద్ధమాడదన్న నమ్మకాన్ని మొదటి పీరియడ్‌లోనే వదిలించుకోవాలి. అందుకు బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ ఫొటోలు రెండు చాలు. 1855లో క్రిమియా యుద్ధ సమయంలో ఆయన సెవస్టపోల్ సమీపంలో, ఫిరంగి గుళ్లు తరచూ వచ్చిపడే ఒక లోయ దారిని, కెమెరాను ఒకే చోట ఉంచి రెండుసార్లు తీశాడు. ఒక ఫొటోలో దారి పొడవునా గుండ్రటి ఇనుప గుళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. రెండోదానిలో దారి ఖాళీ. గుళ్లన్నీ పక్కన గోతిలోనూ వాలులోనూ ఉన్నాయి. ప్రసిద్ధి చెందినది మొదటిది.

రెండింటినీ పక్కపక్కన తెరమీద వేసి, ఏమీ చెప్పకుండా ఐదు నిమిషాలు ఊరుకోండి. తేడా కనిపెట్టడానికి పిల్లలకు ఎవరి సాయమూ అక్కరలేదు. తర్వాత ఒకే ప్రశ్న: ఏది ముందు తీశారు? గుళ్లు దారిమీద ఉన్నదే ముందైతే, ఎవరో దారిని శుభ్రం చేసి ఉండాలి. ఖాళీ దారి ముందైతే, ఎవరో గుళ్లను తెచ్చి దారిమీద పరిచి ఉండాలి. నీడలను బట్టి చెప్పవచ్చునని కొందరంటారు, ఆకాశాన్ని చూడమని మరికొందరంటారు. వాదన ముదిరాక, చాలా ఏళ్లుగా ఈ చిక్కు మీద పెద్దవాళ్లు కూడా ఇలాగే పోట్లాడుకున్నారని చెప్పండి. చివరికి దారి చిక్కినది గుళ్ల వల్ల కాదు. వాలులో ఉన్న చిన్న చిన్న రాళ్లను రెండు ఫొటోలలోనూ పోల్చి చూస్తే, గుళ్లు దారిమీద ఉన్న ఫొటోలో అవి కాస్త కిందికి జారి ఉన్నాయి. కాళ్లకు తగిలిన రాయి కిందికి జారుతుంది గాని పైకి ఎక్కదు కాబట్టి, ఖాళీ దారి ఫొటోనే ముందు తీసినట్టు. గుళ్లను ఎవరు కదిలించారు, ఎందుకు కదిలించారు అన్నది రాళ్లు చెప్పవు. ఫెంటన్ మోసగాడని తీర్పు చెప్పడానికి తొందరపడే పిల్లలను అక్కడ ఆపండి. ఆ కాలపు కెమెరాకు బొమ్మ పడడానికి కొన్ని క్షణాల పాటు అన్నీ కదలకుండా ఉండాలి. జరుగుతున్న యుద్ధాన్ని అది పట్టలేదు. తాను చూసిన ప్రమాదాన్ని చూపడానికి ఆయన దగ్గర ఉన్న దారి ఏమిటన్నది కూడా చర్చకు రావాలి.

ప్రశ్న: మా దగ్గర పనిచేసే కంప్యూటర్లు మూడే. ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు. పైగా ఇచ్చిన లింకులు మరుసటి సంవత్సరానికి తెరుచుకోవడం లేదు.

జవాబు: పేజీలను ముందే దించి పెట్టుకోండి, మూలపత్రాలను ప్రింటు తీసి వర్గానికి ఒకటి పంచండి. తెర ఒక్కటే ఉంటే ఫొటోలకూ పటాలకూ దానిని ఉంచి, చదువు కాగితం మీద కానివ్వండి. అన్వేషణ ఉన్నది ప్రశ్నలో గనుక, తీగ తెగినంత మాత్రాన అది ఆగిపోదు. చనిపోయిన లింకుల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ నడిపే వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా ఇచ్చి చూడండి. చాలా పేజీల పాత ప్రతులు అక్కడ దొరుకుతాయి. వ్యక్తిగత సైట్ల కన్నా జాతీయ గ్రంథాలయాలు, పురావస్తు ప్రదర్శనశాలలు, విశ్వవిద్యాలయాల సేకరణల లింకులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

ప్రశ్న: వర్గంలో ఒకరు చేస్తే నలుగురు సంతకం పెడుతున్నారు. మార్కులు ఎలా వేయాలి? తప్పు నిర్ణయానికి వచ్చిన వర్గానికి తక్కువ వేయాలా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: వేయకూడదు. 1912లో ఓడ విరగలేదని తేల్చిన పిల్లవాడు, లైటోలర్ సాక్ష్యాన్నీ దానికి ఎదురైన సాక్ష్యాలనూ ముందు పెట్టుకుని ఎందుకు ఇటు మొగ్గాడో చెప్పగలిగితే, సినిమా చూసి 'విరిగింది' అని ఒక్క ముక్కలో రాసినవాడి కన్నా చాలా ఎక్కువ మార్కులకు అర్హుడు. మూల్యాంకన పట్టికను పని మొదలుకాకముందే పిల్లల చేతికి ఇవ్వండి. అందులో గడులు ఎక్కువ వద్దు. ఆధారం ఎవరిదో గుర్తించాడా, కనీసం రెండు ఆధారాలను ఒకదానితో ఒకటి సరిపోల్చాడా, తన వాదానికి అడ్డువచ్చే ఆధారాన్ని దాచకుండా ఎదుర్కొన్నాడా అన్న మూడు చాలు. మూడోదానికి నేను తక్కిన రెండింటికన్నా ఎక్కువ మార్కులు కేటాయిస్తాను, ఎందుకంటే పెద్దవాళ్లం కూడా ఎక్కువగా తప్పేది అక్కడే.

సంతకాల బెడదకు మందు పని పంపకంలోనే ఉన్నది. ఒక్కొక్కరి దగ్గర వేరే ఆధారం ఉంటే ఎవరూ ఖాళీగా కూర్చోలేరు. కూర్చుంటే వర్గమే ఊరుకోదు. వర్గం కలిసి చర్చించాక, నిర్ణయాన్ని మాత్రం ఎవరికి వారు ఒక పేజీ విడిగా రాయాలి. వర్గం నిర్ణయంతో ఏకీభవించనివారు అలాగే రాయవచ్చునని ముందే ప్రకటించండి. నా తరగతిలో ఒకసారి ఒక అమ్మాయి ఆ పేజీని "మా వాళ్లంతా ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ డైరీ రాసినాయన ఎవరికీ చూపించడానికి రాసుకోలేదు" అని మొదలుపెట్టింది. ఆ ఒక్క వాక్యం కోసం మూడు పీరియడ్లు ఖర్చు చేసినందుకు నాకు బాధ లేదు.

ప్రశ్న: ఇప్పుడు పిల్లలు ప్రశ్నను నేరుగా కృత్రిమ మేధ చాట్‌బాట్‌కు వేసి, వచ్చిన వ్యాసాన్ని అతికిస్తున్నారు. ఇక ఈ పద్ధతికి కాలం చెల్లినట్టేనా?

జవాబు: 'గురించి రాసుకురండి' అనే పద్ధతికి కాలం చెల్లింది, నిజమే. మంచి అన్వేషణకు చెల్లలేదు గాని, దాని తీరు మారాలి. తుది వ్యాసం కన్నా దారిలో పడిన అడుగులను అడగండి: ఏ పత్రంలో ఏ వాక్యం నీ మనసు మార్చింది, ఏ సంఖ్య గల ప్రశ్న దగ్గర నీకు అనుమానం వచ్చింది, ఎదుటి వర్గం వేసిన ఏ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పలేకపోయావు. తరగతిలో నోటితో అడిగే ఐదు నిమిషాలకు మించిన పరీక్ష లేదు.

ఆ యంత్రాన్నే సాక్షిగా బోనులో నిలబెట్టవచ్చు కూడా. లెక్సింగ్టన్ ప్రశ్నకు అది ఇచ్చిన జవాబును ప్రింటు తీసి పంచి, ప్రతి వాక్యానికీ మూలపత్రంలో ఆధారం చూపమనండి. ఈ యంత్రాలు లేని పుస్తకాలను, జరగని సంభాషణలను కూడా తొణకకుండా ఉదహరించగలవు. వాంగ్మూలంలో ఉన్న మాట ఏది, యంత్రం కలిపిన మాట ఏది అని గీతలు గీసిన పిల్లలు, ఆ తర్వాత దానిని వాడినా కళ్లు తెరుచుకుని వాడతారు.

ప్రశ్న: అట్లాంటిక్ బానిస వ్యాపారం పాఠానికి పాత్రలు పంచి, కొందరిని బానిసలుగా, కొందరిని వ్యాపారులుగా డైరీలు రాయమనాలని అనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: దయచేసి ఆ పని చేయవద్దు. వ్యాపారి పాత్ర వేసిన పిల్లవాడు క్రౌర్యాన్ని ఆటగా నేర్చుకుంటాడు. బానిస పాత్ర వేసిన పిల్లవాడు తనకు తెలియని బాధను తెలిసినట్టు నటిస్తాడు. సానుభూతి పెంచుదామనుకుంటే అవమానం మిగులుతుంది. చరిత్రకారుడి పాత్ర ఒక్కటే అందరికీ ఇవ్వండి. దాదాపు 36 వేల ఓడ ప్రయాణాల వివరాలు గల బానిస వ్యాపార ప్రయాణాల సమాచార నిధి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉన్నది. ఒక్కొక్క వర్గం ఒక్కొక్క ప్రయాణాన్ని తీసుకుని, ఎక్కడ బయలుదేరింది, ఎంతమందిని ఎక్కించారు, ఎంతమంది దిగారు అని వెతకవచ్చు. ఎక్కినవారి సంఖ్యకూ దిగినవారి సంఖ్యకూ మధ్య తేడా ఏమయిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల నుంచే రావాలి, మీరు అందించకండి. ఆ పట్టికను ఎవరి లెక్కల పుస్తకాల నుంచి కూర్చారు, అందులో ఓడ పేరూ నాయకుడి పేరూ ఉండి మనుషుల పేర్లు ఎందుకు లేవు అన్నది మరుసటి పీరియడ్‌కు సరిపోయే పని.

ప్రశ్న: లెక్సింగ్టన్ అన్వేషణ చేయించాను. బాగానే నడిచింది. చివర్లో పిల్లలంతా "ఇంతకీ ఎవరు కాల్చారు సార్?" అని పట్టుబట్టారు. నాకు తెలియదని చెప్పడానికి నామోషీగా అనిపించి, గంట కొట్టేదాకా మాట దాటవేశాను. ఏం చెప్పి ఉండవలసింది?

జవాబు: తెలియదని చెప్పవలసింది. మీకే కాదు, ఎవరికీ తెలియదు. రెండు వైపులవారూ అవతలివారి మీదే చెప్పారు, దానిని తేల్చే మూడో ఆధారం ఇంతవరకు లేదు. టైటానిక్ విషయంలో సముద్రం అడుగున శిథిలం ఉన్నది, ఫెంటన్ విషయంలో రాళ్లున్నాయి. మైదానంలో పేలిన మొదటి గుండుకు అటువంటిదేమీ మిగలలేదు. పిల్లలు ఇంకా మరిచిపోయి ఉండరు కాబట్టి, వచ్చే పీరియడ్‌లో ఆ మాట మీరే ఎత్తండి. ఎటువంటి ఆధారం దొరికితే ఈ ప్రశ్న తేలుతుందో, అది ఎక్కడ దాగి ఉండవచ్చునో ఒక్కొక్కరినీ రెండేసి వాక్యాలు రాయమనండి. ఆ కాగితాలలో బాగున్నవి మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాము.